జబ్బు పేరు సరిచూసుకున్న తరువాతే చికిత్స
అరుదైన ఊపిరితిత్తుల కేన్సర్ విషయమై పౌరులకు కొన్ని సూచనలు

షోలాపూర్ తెలుగు ఇళ్లలో దగ్గు కొత్త మాట కాదు. మరమగ్గాల దగ్గర నూలు ధూళి, బీడీలు చుట్టే చోట పొగాకు ధూళి తరతరాలుగా మన ఊపిరితో కలిసి ఉన్నవే. అందువల్ల దగ్గు, ఆయాసం కనిపించగానే మనకు ముందుగా తోచేవి రెండు: దమ్ము, క్షయ. చాలాసార్లు ఆ ఊహే నిజమవుతుంది. అయితే ఈ రెండింటి చాటున అరుదుగా మూడవ జబ్బు ఒకటి దాగి ఉంటుంది. దానిని వైద్యులు ఊపిరితిత్తుల కార్సినాయిడ్ అంటారు. ఊపిరితిత్తుల కేన్సర్లు నూరు ఉంటే వాటిలో ఇది ఒకటి లేదా రెండు మాత్రమే. అరుదైనది గనుక ఆలస్యంగా తెలుస్తుంది. ఒక్కొక్కప్పుడు మరొక పేరుతో తెలుస్తుంది. వేళకు సరైన పేరుతో గుర్తిస్తే మాత్రం కేన్సర్లలో బాగా నయమయ్యే వాటిలో ఇదొకటి. కాబట్టి ఈ వ్యాసంలో మందుల గురించి కంటే, సరైన పేరును, సరైన వైద్యుణ్ణి ఎలా చేరుకోవాలో ఎక్కువగా చెప్పదలిచాను.

ఒక ఇంటి అనుభవం

మా మేనత్తకు అప్పుడు యాభై రెండేళ్లు. ముప్ఫై ఏళ్లు బీడీలు చుట్టారు. ఏనాడూ పొగ తాగలేదు. రెండేళ్లలో మూడుసార్లు నిమోనియా వచ్చింది. మూడుసార్లూ ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలోనే వచ్చిందన్న సంగతిని మేమెవరమూ గమనించలేదు. ఊపిరి పీల్చినప్పుడు ఈల వంటి చప్పుడు వచ్చేది. దమ్ము అన్నారు, పీల్చే మందు ఇచ్చారు. తగ్గకపోతే క్షయ కావచ్చునన్నారు. కఫంలో క్రిములు కనబడకపోయినా ఆరు నెలలు మందులు వాడించారు. ఒకనాడు దగ్గులో నెత్తురు పడింది. అప్పుడు సీటీ స్కాన్ తీశారు. శ్వాసనాళంలో గడ్డ కనిపించింది. గొట్టం వేసి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

రిపోర్టు ఇంగ్లీషులో వచ్చింది. మహానగరపాలికలో అనువాదకుణ్ణి గనుక చదివి చెప్పే పని నా మీద పడింది. అందులో ‘స్మాల్ సెల్ కార్సినోమా’ అని ఉంది. అత్త ఆ మాట విని నా వైపు చూసి, “స్మాల్ అంటే చిన్నదే గద బిడ్డా, ఇంక భయమేంది?” అన్నారు. నేను జవాబు చెప్పలేకపోయాను. స్మాల్ సెల్ అంటే జబ్బు చిన్నదని కాదు, సూక్ష్మదర్శినిలో కణాలు చిన్నగా కనిపిస్తాయని. ఊపిరితిత్తుల కేన్సర్లలో అతివేగంగా వ్యాపించేది అదే.

కీమోథెరపీకి తేదీ ఖాయమైంది. ఆ దశలో చూసిన ఒక కేన్సర్ వైద్యురాలు పాత ఎక్స్‌రేలన్నీ తెప్పించుకుని చూసి, “స్మాల్ సెల్ అయితే రెండేళ్లు ఇలా ఒకేచోట కదలకుండా కూర్చోదు. ఆ ముక్కను ఇంకొకరితో చూపించండి” అన్నారు. ఆ ముక్క ముంబైకి వెళ్లింది. పన్నెండు రోజుల తరువాత వచ్చిన రెండవ రిపోర్టులో జబ్బు పేరు మారింది: ‘టిపికల్ కార్సినాయిడ్’. కీమోథెరపీ ఆగింది. శస్త్రచికిత్స చేసి ఊపిరితిత్తి కింది తమ్మెను తీశారు. ఇది జరిగి నాలుగేళ్లయింది. అత్త ఏడాదికొకసారి స్కాన్‌కు వెళ్లి వస్తున్నారు.

ఇందులో మొదటి పరీక్ష చేసినవారిని నిందించి ప్రయోజనం లేదు. గొట్టం ద్వారా వచ్చే ముక్క బియ్యపు గింజంత కూడా ఉండదు. తీసేటప్పుడు కణాలు నలిగిపోతే కార్సినాయిడ్ కూడా స్మాల్ సెల్‌లాగే కనబడవచ్చునని వైద్య గ్రంథాలే హెచ్చరిస్తాయి. ఈ రెండూ ఒకే కుటుంబపు జబ్బులు. అయితే ఒకదానికి చికిత్స ముఖ్యంగా కత్తితో, మరొకదానికి ముఖ్యంగా మందుతో, రేడియేషన్‌తో. పేరు తప్పితే దారే తప్పుతుంది.

కార్సినాయిడ్ అంటే ఏమిటి?

1907లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో సీగ్‌ఫ్రీడ్ ఓబర్న్‌డార్ఫర్ అనే రోగనిర్ణయ శాస్త్రవేత్త పేగులలోని కొన్ని చిన్న గడ్డలకు ఈ పేరు పెట్టాడు. ‘కేన్సర్ వంటిది’ అని దాని అర్థం. చూడటానికి కేన్సర్‌లా ఉన్నా హాని చేయదని ఆయన తొలుత భావించాడు. అవి వ్యాపించగలవని తరువాత ఆయనే ఒప్పుకున్నాడు. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. స్మాల్ సెల్ అన్న పేరు విని చిన్నదనుకోవడం ఎంత పొరపాటో, కార్సినాయిడ్ అన్న పేరు విని ఇది నిజమైన కేన్సర్ కాదనుకోవడం అంతే పొరపాటు. ఇది నెమ్మదిగా పెరిగే కేన్సర్.

మన శరీరంలో హార్మోన్ల వంటి రసాయనాలను విడుదల చేసే కొన్ని ప్రత్యేక కణాలున్నాయి. వాటిని న్యూరోఎండోక్రైన్ కణాలంటారు. శ్వాసనాళాల పొరలో కూడా ఇవి అక్కడక్కడ ఉంటాయి. వాటి నుండి పుట్టే గడ్డలను నాలుగు రకాలుగా విభజిస్తారు: టిపికల్ కార్సినాయిడ్, ఎటిపికల్ కార్సినాయిడ్, లార్జ్ సెల్, స్మాల్ సెల్. మొదటిది అన్నింటికంటే నెమ్మదైనది. చివరి రెండూ వేగమైనవి. గడ్డలో ఎన్ని కణాలు విభజన చెందుతున్నాయో, చచ్చిన కణజాలం ఉందో లేదో చూసి రకాన్ని నిర్ణయిస్తారు. రెండు చదరపు మిల్లీమీటర్ల స్థలంలో విభజన చెందే కణాలు రెండుకు తక్కువగా ఉండి, చచ్చిన కణజాలం లేకపోతే అది టిపికల్. రెండు నుండి పది వరకు ఉన్నా, చచ్చిన కణజాలం కనిపించినా అది ఎటిపికల్. స్మాల్ సెల్‌లో ఈ లెక్క పదికి మించి, సాధారణంగా ఎంతో ఎక్కువగా ఉంటుంది.

టిపికల్ కార్సినాయిడ్‌కు పొగతాగడంతో స్పష్టమైన సంబంధం తేలలేదు. యౌవనంలో ఉన్నవారికి, ఎన్నడూ పొగ తాగనివారికి కూడా ఇది వస్తుంది. కాబట్టి రోగిని “నీ చేతులారా తెచ్చుకున్నావు” అనడం అన్యాయం మాత్రమే కాదు, అసత్యం కూడా. శస్త్రచికిత్సతో పూర్తిగా తొలగించిన టిపికల్ కార్సినాయిడ్ రోగులలో నూటికి సుమారు తొంభైమంది ఐదేళ్ల తరువాత కూడా జీవించి ఉంటారు. ఎటిపికల్ రకంలో ఈ సంఖ్య తక్కువ.

ఎప్పుడు అనుమానించాలి?

కింది లక్షణాలలో ఏది ఉన్నా కేన్సరేనని అర్థం కాదు. వైద్యుణ్ణి మరొక ప్రశ్న అడగవలసిన సమయం వచ్చిందని మాత్రం అర్థం.

మొదటిది, నిమోనియా మళ్లీ మళ్లీ ఒకే చోట రావడం. శ్వాసనాళంలో గడ్డ అడ్డుపడితే దాని వెనుక భాగం మాటిమాటికీ చెడుతుంది. రెండవది, పెద్దవయసులో కొత్తగా మొదలై, పీల్చే మందులకు లొంగని దమ్ము. ముఖ్యంగా ఈల చప్పుడు ఒకవైపే వినిపించడం. మూడవది, దగ్గులో నెత్తురు. ఈ గడ్డలకు రక్తనాళాలు ఎక్కువ గనుక నెత్తురు పడటం తరచు జరుగుతుంది. నాలుగవది, క్షయ మందులు వాడుతున్నా తగ్గని దగ్గు. ముఖం ఎర్రబడి వేడెక్కడం, విరేచనాలు పట్టుకోవడం వంటివి ఊపిరితిత్తి కార్సినాయిడ్‌లో అరుదు.

క్షయ విషయంలో ఒక మాట. రెండు వారాలకు మించిన దగ్గుకు కఫం పరీక్ష చేయించుకోవాలన్న సూచనను ఎవరూ విడిచిపెట్టరాదు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఆ పరీక్షా, మందులూ ఉచితం. మొదలుపెట్టిన మందులను సొంతంగా ఆపరాదు. అయితే కఫంలో క్రిమి దొరకకుండా, ఎక్స్‌రేలో మచ్చను బట్టి మాత్రమే మందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలలైనా గుణం కనిపించకపోతే, “సీటీ స్కాన్ తీయిస్తారా? గొట్టం వేసి చూస్తారా?” అని అడిగే హక్కు రోగికి ఉంది.

ముక్కను రెండవసారి చూపించడం

చాలామందికి తెలియని సంగతి ఇది. పరీక్షకు తీసిన ముక్క ఒక్క రిపోర్టుతో అయిపోదు. దానిని మైనంలో పోతపోసి చిన్న దిమ్మగా భద్రపరుస్తారు. దానినే బ్లాకు అంటారు. దాని నుండి పలుచని పొరలు కోసి గాజు పలకల మీద పరుస్తారు, అవి స్లైడ్లు. మరొక ఆస్పత్రిలో అభిప్రాయం కావాలంటే సాధారణంగా మళ్లీ గొట్టం వేయించుకోనక్కరలేదు. ఈ బ్లాకును, స్లైడ్లను తీసుకువెళితే చాలు.

ముక్క తీసిన ఆస్పత్రి ప్రయోగశాలకు ఒక చిన్న దరఖాస్తు రాసి, గుర్తింపు పత్రం చూపి బ్లాకు, స్లైడ్లు, రిపోర్టు నకలు తీసుకోవచ్చు. బ్లాకు సంఖ్య రిపోర్టు మీది సంఖ్యతో సరిపోయిందో లేదో అక్కడే చూసుకోవాలి. ఎండలోనూ, వేడి తగిలే చోటా పెడితే మైనం కరుగుతుంది గనుక జాగ్రత్త అవసరం. కొత్త కేంద్రంలో ఇచ్చినప్పుడు రసీదు తీసుకోవాలి. పని పూర్తయ్యాక బ్లాకును తిరిగి అడిగి తెచ్చుకోవాలి. ముందుముందు అది మళ్లీ అవసరపడవచ్చు.

వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నలు మూడు. “ఇది నాలుగు రకాలలో ఏది?” “కేఐ-67 ఎంత వచ్చింది?” “ఊపిరితిత్తుల కేన్సర్లను తరచుగా చూసే పెథాలజిస్టు దీనిని చూశారా?” కేఐ-67 అంటే కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో తెలిపే రంగు పరీక్ష. అది కార్సినాయిడ్‌లో తక్కువగా, స్మాల్ సెల్‌లో చాలా ఎక్కువగా ఉంటుంది. ఈ ప్రశ్నలు అడిగితే వైద్యుడికి కోపం వస్తుందేమోనని సంకోచించరాదు. అరుదైన జబ్బులో రెండవ అభిప్రాయం కోరడం అవిశ్వాసం కాదు, ఆనవాయితీ.

అయితే ఒక హెచ్చరిక. జబ్బు నిజంగా స్మాల్ సెల్ అయితే ఆలస్యం ప్రమాదకరం. కాబట్టి రెండవ అభిప్రాయాన్ని నెలల తరబడి సాగదీయకుండా, చికిత్స చేసే వైద్యునికి చెప్పి, ఎన్నాళ్లు ఆగవచ్చునో అడిగి తెలుసుకుని చేయాలి.

ఎక్కడికి వెళ్లాలి?

మనకు అందుబాటులో ఉన్న పెద్ద కేంద్రం ముంబై పరేల్‌లోని టాటా మెమోరియల్ ఆస్పత్రి. 1941లో స్థాపితమైన ఈ సంస్థలో ఒక్కొక్క అవయవపు కేన్సర్‌కు ఒక్కొక్క వైద్య బృందం ఉంటుంది. ఛాతీ బృందంలో శస్త్రవైద్యులు, మందుల వైద్యులు, రేడియేషన్ వైద్యులు, పెథాలజిస్టులు కలిసి కూర్చుని నిర్ణయం తీసుకుంటారు. అరుదైన జబ్బుకు కావలసింది ఇటువంటి ఉమ్మడి నిర్ణయమే. రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఉదయానికి ముంబై చేరవచ్చునని మనవారికి తెలిసిందే. హైదరాబాదులో బంధువులున్నవారు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిని కూడా ఆలోచించవచ్చు.

ప్రయాణానికి ముందే అభిప్రాయం తెలుసుకునే దారి ఒకటుంది. దేశంలోని అనేక కేన్సర్ ఆస్పత్రులు కలిసి 2012లో నేషనల్ కేన్సర్ గ్రిడ్‌గా ఏర్పడ్డాయి. నవ్య అనే సేవ ద్వారా ఈ గ్రిడ్ నిపుణులు రిపోర్టులను ఆన్‌లైన్‌లో చూసి లిఖితపూర్వకంగా సలహా ఇస్తారు. ఆ సలహాను షోలాపూర్‌లోని వైద్యునికి చూపి, చేయగలిగినంత చికిత్స ఇక్కడే చేయించుకోవచ్చు. రోగి ప్రతి చిన్న పనికీ ముంబై తిరగనక్కరలేదు. నిర్ణయం, శస్త్రచికిత్స పెద్ద కేంద్రంలో. రక్తపరీక్షలు, సూదిమందులు, కుట్ల సంరక్షణ ఊళ్లోనే. ఈ పద్ధతి సాధ్యమా అని ఇరువైపుల వైద్యులనూ అడగాలి.

చికిత్సా విధానం

గడ్డ ఒకేచోట ఉంటే శస్త్రచికిత్సయే ప్రధానం. గడ్డ ఉన్న తమ్మెను, పక్కనున్న శోషరస గ్రంథులను తొలగిస్తారు. కొన్ని సందర్భాలలో శ్వాసనాళంలో చెడిన ముక్కను మాత్రం కోసి, మిగిలిన రెండు కొసలను కలిపి కుట్టి, ఊపిరితిత్తిని కాపాడతారు. ఇది అనుభవం ఎక్కువగా ఉన్న శస్త్రవైద్యుల పని. కాబట్టి “ఇటువంటి ఆపరేషన్ మీ దగ్గర తరచు జరుగుతుందా?” అని అడగడం న్యాయమే.

జబ్బు ఇతర భాగాలకు పాకిందా అని చూడటానికి గాలియం-68 డోటాటేట్ పెట్ స్కాన్ చేస్తారు. ఇది మామూలు పెట్ స్కాన్ కంటే భిన్నమైనది. ఈ రకం కణాలను వెతికి చూపుతుంది. పాకి ఉంటే ఆక్ట్రియోటైడ్, లాన్రియోటైడ్ వంటి సూదిమందులు, ఎవరోలిమస్ మాత్రలు ఉన్నాయి. తగిన రోగులకు లుటీషియం-177 అనే రేడియోధార్మిక మందును నరంలోకి ఎక్కించి గడ్డ దగ్గరికే చేరవేసే చికిత్స ఉంది. భాభా అణు పరిశోధనా కేంద్రానికి చెందిన రేడియేషన్ మెడిసిన్ సెంటర్ పరేల్‌లోనే ఉంది. ఈ చికిత్సలో దానికి దీర్ఘానుభవం ఉంది.

నెమ్మదిగా పెరిగే జబ్బు నెమ్మదిగానే తిరిగి వస్తుంది. పదేళ్ల తరువాత వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. “బాగున్నాను గదా” అని పరీక్షలు మానరాదు.

ఖర్చు, కాగితాలు

మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన, కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ కలిసి అమలవుతున్నాయి. అర్హత గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స నగదు లేకుండా జరుగుతుంది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ కార్డు ఇస్తారు. పథకంలో చేరిన ప్రతి ఆస్పత్రిలోనూ ‘ఆరోగ్యమిత్ర’ అనే ఉద్యోగి కూర్చుంటారు. చేరకముందే ఆయనను కలవాలి; సొమ్ము కట్టాక తిరిగి రాబట్టుకోవడం కష్టం. ఆయుష్మాన్ కార్డు ఇతర రాష్ట్రాల ఆస్పత్రులలో కూడా పనిచేస్తుంది. మహారాష్ట్ర రేషన్ కార్డుతో తెలంగాణ ఆరోగ్యశ్రీ మాత్రం దొరకదు. హైదరాబాదు వెళ్లే కుటుంబాలు ఈ భేదాన్ని గమనించాలి. వివరాలకు 14555కు ఫోన్ చేయవచ్చు.

బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉన్న ఇళ్లకు కేంద్ర కార్మిక సంక్షేమ సంస్థ ద్వారా కేన్సర్ చికిత్స ఖర్చులు తిరిగి పొందే వీలుంది. చికిత్స మొదలు కాకముందే బీడీ కార్మికుల దవాఖానలోని వైద్యాధికారిని కలిసి నియమాలు తెలుసుకోవాలి. కార్ఖానాలో పనిచేస్తూ ఈ.ఎస్.ఐ. ఉన్నవారు తమ ఆస్పత్రి నుండి సిఫారసు పత్రం తీసుకునే బయలుదేరాలి.

చికిత్సకు వెళ్లే కేన్సర్ రోగికి రైలులో స్లీపర్, మూడవ ఏసీ తరగతులలో ఛార్జీ పూర్తిగా మాఫీ. వెంట వెళ్లే ఒక్కరికి అదే తరగతులలో 75 శాతం రాయితీ. ఆస్పత్రి ఇచ్చే నిర్ణీత ధ్రువపత్రం చూపాలి. ముంబైలో బస కోసం టాటా ఆస్పత్రిలోని వైద్య సామాజిక సేవా విభాగాన్ని అడగాలి. దాదర్‌లోని సంత్ గాడ్గే మహారాజ్ ధర్మశాల వంటివి ఎన్నో ఏళ్లుగా రోగుల కుటుంబాలకు నీడనిస్తున్నాయి.

తోడు

అరుదైన జబ్బు వచ్చినవారికి ఒంటరితనం ఎక్కువ. పేటలో మరెవరికీ రాని జబ్బు కావడం వల్ల తన బాధను పోల్చి చెప్పుకునే మనిషి దొరకరు. చూడవచ్చినవారు తమకు తెలిసిన మరొక కేన్సర్ కథ చెప్పి భయపెట్టి వెళతారు. పరామర్శకు వెళ్లేవారు సలహాల కంటే సహాయం తీసుకువెళితే మేలు: ఒకపూట అన్నం, ఆస్పత్రికి ఒకరోజు తోడు, పిల్లల చదువు బాధ్యత. మనసు కుంగినప్పుడు ప్రభుత్వపు టెలి-మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. భాషను ఎంచుకునే వీలుంది.

మన ఇళ్లలో రోగికి జబ్బు పేరు చెప్పకుండా దాచే అలవాటుంది. ప్రేమతోనే దాస్తాము. కాని పేరు తెలియని మనిషి ప్రశ్న అడగలేరు, పదేళ్ల పాటు పరీక్షలకు వెళ్లవలసిన అవసరాన్ని గుర్తించలేరు. ఆస్పత్రిలో మాటలు మరాఠీలో, కాగితాలు ఇంగ్లీషులో, భయం మాత్రం తెలుగులో ఉంటుంది. కాబట్టి రెండు భాషలూ తెలిసిన ఒకరిని వెంట తీసుకువెళ్లండి. వైద్యుడు చెప్పినదాన్ని తెలుగులో తిరిగి చెప్పి, రోగి తన మాటల్లో మళ్లీ చెప్పేవరకు ఆగండి. పేరును అనువదిస్తే చాలదు, అర్థాన్ని చెప్పాలి. ఆనాడు అత్త అడిగిన ప్రశ్నకు నేను వెంటనే చెప్పలేకపోయింది ఆ అర్థమే.

చివరిగా ఒక చిన్న పని. ఈ రోజే ఇంట్లో ఒక ఫైలు తయారు చేయండి. పాత ఎక్స్‌రేలు, స్కాన్‌లు, రిపోర్టులు, మందుల చీటీలు తేదీల వరుసలో పెట్టండి. అత్త విషయంలో ఆ వైద్యురాలికి అనుమానం కలిగింది కొత్త పరీక్ష వల్ల కాదు, మంచం కింద ట్రంకుపెట్టెలో దాచిన రెండేళ్ల నాటి ఎక్స్‌రేల వల్ల.